గున్న గొంతులో ఉప్పు

శుద్ధ అష్టమి

ఈ పుస్తకంలో ముందువైపు పేజీలు కట్ట ఆఫీసువి. అక్కడ రోజుకి ఒక్క వరుసే రాయాలి. నీళ్ళు నిండుగా ఉన్నాయి, నూనె శుభ్రంగా ఉంది, బెల్టు బిగువుగా ఉంది, కింద సంతకం. వెనకవైపు పేజీలు ఎవరూ తిప్పరు కాబట్టి అవి నావి. ఆరేళ్ళలో ముందువైపు ఒక్క అబద్ధం రాయలేదు, వెనకవైపు అసలేమీ రాయలేదు. ఇవాళ రాయాలనిపిస్తోంది. మధ్యాహ్నం నుంచి మనసు స్థిమితంగా లేదు.

నా పని తొలిచూపు. మెట్టప్రాంతం వాళ్ళెవరైనా పడవ దిగి ఈ మాట వింటే పెళ్ళిళ్ళు కుదురుస్తాననుకుంటారు. నేను చూసేది గున్నని, కట్ట మీద రాళ్ళెత్తే యంత్రాన్ని. నలభై టన్నుల ఒళ్ళు, కొబ్బరిచెట్టంత చెయ్యి, ఆ చేతి చివర ముగ్గురు మనుషులు కూర్చునేంత తొట్టి. మా ఏడో లంక చుట్టూ కట్ట కట్టి, కూలినచోటల్లా రాళ్ళు పేర్చి, సముద్రాన్ని బయట నిలబెట్టేది అదొక్కటే. కొత్తగా వచ్చినప్పుడు గున్న ఏనుగని ముద్దుగా పేరు పెట్టారట. ఇప్పుడది వయసులో నా కంటే పెద్దది, అయినా పేరు మారలేదు.

రోజూ తెల్లవారకముందే, ఇంజను చల్లగా ఉండగా, రేడియేటర్ మూత తీసి నీళ్ళు చూస్తాను. కింద మట్టి మీద చుక్కలేమైనా పడ్డాయేమో వంగి చూస్తాను. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కుతాను. రేడియేటర్ రేకుల్లో ఇరుక్కున్న తూనీగల్ని, రెల్లుపూల దూదిని కుంచెతో దులుపుతాను. తర్వాత నూనె. గున్న తాగేది మా వెనక చెరువుల్లో పెరిగే నాచునుంచి తీసిన నూనె. దాంట్లో ఎంత వడకట్టినా కాస్త నీరు ఉంటుంది. ఫిల్టరు కింద గాజుగిన్నె ఒకటుంది, రాత్రంతా నీరు దాని అడుక్కి దిగుతుంది. అడుగున మర తిప్పి ఆ నీరంతా వదిలేసి, నూనె చుక్క వచ్చాక మర బిగిస్తాను.

ఆరేళ్ళ క్రితం ఒక పెద్దపోటు రోజున ఆ గిన్నె ఎవరూ వదల్లేదు. ఇంజనులోకి నీళ్ళు పోయి, గున్న కట్ట అంచున ఆగిపోయింది. లోపలున్న డ్రైవరు వీర్రాజు నా మొగుడు. కట్ట జారింది, గున్న దొరికింది, ఆయన దొరకలేదు. అప్పటిదాకా తొలిచూపు అనే పనే లేదు. గున్న తన్ను తానే చూసుకుని చెప్పేది, దాన్నే అందరూ వినేవాళ్ళు. ఇప్పటికీ చెబుతుంది. తాళం తిప్పగానే లోపలినుంచి ఒకావిడ గొంతు వస్తుంది: "శీతలజలం నిండుగా ఉన్నది. ఇంధనం శుభ్రముగా ఉన్నది. మీరు బయలుదేరవచ్చును." వీర్రాజు మునిగిన రోజు కూడా ఆవిడ ఇదే చెప్పింది. నేను ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది.

ఇప్పటి పద్ధతి వేరు. నేను చూడటం అయ్యాక డ్రైవరు ఎదురుగా నిలబడి "చూశాను" అంటాను. ఆయన "నమ్మాను" అన్నాకే తాళం తిప్పుతాడు. వీర్రాజు తర్వాత వచ్చిన డ్రైవరు ఏసుపాదం బాబాయి. పేరుకే బాబాయి, వరస ఏమీ లేదు. యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఇంజను శబ్దాన్ని బట్టి దాని ఒంట్లో బావుందో లేదో చెప్పగల మనిషి.

ఇవాళ మధ్యాహ్నం పని ఆపి దిగుతూ ఆయన అన్నాడు, "ఏవిటోనమ్మా రత్నం, ఇయ్యాల గున్నకి బద్ధకంగా ఉంది. బరువెత్తుతుంటే మూలుగుతంది."

వేడి ముల్లు చూశాను. ఎప్పుడూ ఆకుపచ్చ గీత మధ్యలో ఆగేది, ఇవాళ గీత చివరికొచ్చింది. రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి తడిమాను. పైన కాలిపోతోంది. కింద ఎడమ పక్క ఒక జానెడు మేర చల్లగా ఉంది. వేడినీళ్ళు తిరగాల్సిన చోట చల్లగా ఉందంటే అక్కడికి నీళ్ళు వెళ్ళట్లేదని.

శుద్ధ నవమి

ముందు నూనె మీదే అనుమానం వచ్చింది. నాకు ఎప్పుడూ ముందు నూనె మీదే అనుమానం. గాజుగిన్నె రెండుసార్లు వదిలాను, రెండు చెంచాల నీరు వచ్చింది, అది మామూలే. ఫిల్టరు విప్పి కొత్తది వేశాను. ట్యాంకు అడుగునుంచి సీసాలోకి నూనె పట్టి ఎండకి పెట్టి చూశాను. తేటగా ఉంది. నూనె తప్పేమీ లేదు.

కట్ట మేస్త్రి త్రిమూర్తులు గారు వచ్చారు. మనిషి మంచివారే, కానీ మంచి కబురు మోసుకురావడం ఆయన జాతకంలో లేదు.

"పౌర్ణమికి పోటు ఈ పదేళ్ళలో రానంత వత్తంది. దక్షిణపు మూల మూరెడు కుంగిపోయింది. ఇప్పుడు రాళ్ళేత్తే బురదలోకి దిగిపోతాయి. నీళ్ళు వచ్చి నొక్కుతున్నప్పుడే పేర్చాలి. తెల్లారగట్ల మొదలెట్టి పోటు తీసేదాకా గున్న ఆగకూడదు. తొమ్మిది గంటలు. ఏం రత్నం, ఆగదు కదా?"

దక్షిణపు మూల అంటే వీర్రాజు పోయిన చోటే. "చూసి చెబుతానండి" అన్నాను.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య, అంటే వీర్రాజు తల్లి మాణిక్యమ్మ, వంట చేసి కూర్చుంది. పప్పు ఎప్పటిలాగే నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంది. సంతపడవ రేపొస్తుంది, ఉప్పు తేనా అని అడిగాను. "ఉందిలే, డబ్బా నిండా ఉంది" అంది. ఈవిడ పొదుపుకి నాకు నవ్వొచ్చింది.

శుద్ధ దశమి

ఇవాళ ముల్లు పసుపు గీతలోకి వెళ్ళింది. అదీ రెండున్నర గంటల పనికే.

ఇంజను పూర్తిగా చల్లారేదాకా కూర్చుని, రేడియేటర్ మూత తీసి, ఈసారి నీళ్ళని కాకుండా మూత లోపలి అంచుని చూశాను. గొంతు చుట్టూ తెల్లటి పొరలా కట్టింది. రోజూ చూసే చోటే, కానీ నేను చూసేది నీళ్ళు ఎంతున్నాయనే గాని ఎలా ఉన్నాయని కాదు. గోటితో గీరి నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పు.

ఈ నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు, లంకలో అందరికీ తెలుసు. గున్న ముసలిది, ఎంత బిగించినా రోజుకి చెంబెడు నీళ్ళు ఆవిరి కింద పోతాయి. ఆ చెంబెడూ రోజుకొక ఇల్లు ఇస్తుంది. ముప్ఫై ఒక్క ఇళ్ళు, వంతుల ప్రకారం. పొద్దున్నే ఆ ఇంటి ఆడవాళ్ళో మగవాళ్ళో తమ బావిలోంచి, పక్కింటివాళ్ళు చూస్తుండగా, ఇత్తడి చెంబుతో నీళ్ళు తోడుకుని తలమీద పెట్టుకుని వస్తారు. తాగడానికి వాననీళ్ళ తొట్లున్నాయి, వాటిని ముట్టుకోకూడదు. బావినీళ్ళే కావాలి. చెంబు తెచ్చారంటే ఆ ఇంటి బావి ఇంకా తియ్యగా ఉందని అర్థం. బావి ఉప్పు తిరిగిన ఇంటిని ఖాళీ చేయించి మెట్ట మీది రేకుల శిబిరానికి పంపేస్తారు. ఉప్పు దిగిన నేల మెత్తబడుతుంది, దాని మీద కట్ట నిలవదు, మనుషుల్ని ఉంచకూడదని చట్టం.

మొదట్లో చెంబు నీళ్ళు మేస్త్రి రుచి చూసేవారట. ఒకసారి ఎవరో పెద్దావిడ "మా ఇంటి నీళ్ళనే అనుమానిస్తావా" అని ఏడ్చిందట. అప్పటినుంచి రుచి చూడటం మానేశారు. ఇప్పుడెవరైనా చెంబులో వేలు పెడితే ఆ ఇంటిని నలుగురిలో తిట్టినట్టే. కాబట్టి తెచ్చినవాళ్ళు చెంబు ఇస్తారు, నేను రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, గున్న గొంతులో పోస్తాను. ఆరేళ్ళుగా అలాగే పోస్తున్నాను.

ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు లోపలే ఉండిపోతుంది. పొయ్యి మీద పప్పు మరీ ఇగిరిపోతే ఉప్పగా అయినట్టు, గున్న కడుపులో ఏళ్ళ తరబడి ఇగిరింది. గొట్టాలు తుప్పు పట్టాయి, పూడిపోయాయి. నీళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి. లోపలావిడ రోజూ నిజమే చెప్పింది, నేనూ ముందువైపు పేజీలో నిజమే రాశాను. ఆ సంగతి తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

శుద్ధ ఏకాదశి

దొంగపని చేశాను. ఇవాళ వంతు దుర్గారావుది. ఉత్తరపు వీధిలో అందరికంటే పెద్ద ఇల్లు, అందరికంటే పెద్ద గొంతు. తళతళలాడే చెంబు తెచ్చి, "మా బావి నీళ్ళు పోత్తే గున్న పరిగెడతదండి" అన్నాడు. కళ్ళకద్దుకున్నాను, పోసినట్టు పోసి అడుగున గుక్కెడు ఉంచాను. ఆయన వెళ్ళాక స్టీలు పళ్ళెంలో పోసి ఇంజను మూత మీద ఎండకి పెట్టాను. పక్కన ఇంకో పళ్ళెంలో వాననీళ్ళు.

పదింటికల్లా రెండూ ఎండిపోయాయి. వాననీళ్ళ పళ్ళెం శుభ్రంగా ఉంది. దుర్గారావు పళ్ళెంలో తెల్లటి పొర. నాలుక పెట్టి చూడాల్సిన పని లేదు, అయినా చూశాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎనిమిది మంది ఉన్న ఇల్లు వారంలో ఖాళీ అవుతుంది. చెప్పకపోతే గున్న ఆగుతుంది. ముల్లు ఇవాళ పసుపు గీత మధ్యలో ఉంది. పాదం బాబాయి పొద్దున "నమ్మాను" అన్నప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను.

శుద్ధ ద్వాదశి

ఇవాళ చెంబు తెచ్చింది చిట్టెమ్మ వదిన. ఆవిడ పళ్ళెం కూడా తెల్లబడింది. రెండు రోజులు, రెండు ఇళ్ళు, రెండూ ఉప్పే. ఒక ఇంటి మోసం కాదిది. ఎన్ని ఇళ్ళో నాకు తెలియదు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందరూ ఎవరి భయంతో వాళ్ళు నోరు మూసుకుని చెంబు మోస్తున్నారు.

మా వంతు వచ్చే నెల. ఇంటికెళ్ళగానే అత్తయ్య చూడకుండా మా బావిలోంచి గ్లాసుడు తోడి, పళ్ళెంలో పోసి గోడ మీద పెట్టాను. ఒళ్ళు కడుక్కోవడానికీ వంటకీ రోజూ అవే నీళ్ళు. నాకు ఏ తేడా తెలియలేదు, మా బావి బావుంటుందనే నా నమ్మకం. వీర్రాజు తవ్వించాడు దాన్ని.

గంట తర్వాత వెళ్ళి చూస్తే పళ్ళెం తెల్లగా ఉంది. దుర్గారావు పళ్ళెం కంటే తెల్లగా ఉంది.

వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తీశాను. నిండుగా ఉంది. పైన అట్టకట్టి, దుమ్ము పట్టి ఉంది. ఎన్నాళ్ళనుంచి చెంచా పెట్టలేదో తెలియడానికి ఆ దుమ్ము చాలు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

"రెండేళ్ళు."

"పప్పులో ఉప్పు..."

"వెయ్యట్లేదు. నీళ్ళే సరిపోతన్నాయి."

రెండేళ్ళుగా ఈవిడ చేతివంట బావుందని మెచ్చుకుంటూ తిన్నాను. గున్న గొంతు మీది తెల్లపొరని నిన్నకాక మొన్న గుర్తుపట్టిన నాలుక, మా ఇంటి కంచంలో ఉన్నదాన్ని గుర్తుపట్టలేదు. కోపం వచ్చింది, కానీ ఆవిడ మీద ఎంతో నా మీద ఎంతో తేల్చుకోలేకపోయాను. పప్పు తినకుండా పడుకున్నాను.

శుద్ధ త్రయోదశి

ముల్లు ఎరుపు అంచు తాకింది. గంటన్నర పనికే. పాదం బాబాయి గున్నని ఆపి దిగి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీకేదో తెలుసు. ఆరేళ్ళనుంచి నీ మొకం సూసి బండెక్కుతున్నాను. మూడ్రోజుల నుంచి ఆ మొకం నాకు కనిపియ్యట్లేదు. సెప్పకపోయినా ఎల్లుండి ఎక్కుతాను, ఎక్కక తప్పదు. కాని తెలిసి ఎక్కుతాను."

చెప్పాను. దుర్గారావు, చిట్టెమ్మ, మా ఇల్లు, అన్నీ. ఆయన తిట్టలేదు. రేడియేటర్ మీద చెయ్యి వేశాడు.

"మరేం సెయ్యాలి?"

"పాత నీళ్ళన్నీ తీసేసి, లోపల కడిగి, మళ్ళీ మంచినీళ్ళు నింపాలి. కడగడానికీ నింపడానికీ కలిపి నూట యాభై లీటర్లు. బావినీళ్ళు పనికిరావు. తాగే వాననీళ్ళే కావాలి."

"ఊరందరి తొట్లూ అడగాలన్నమాట. ఎందుకో కూడా సెప్పాలి."

"చెప్పాలి."

ఇంటికెళ్ళి అత్తయ్యతో అదే చెప్పాను. రేపు అందరి ముందూ చెబుతానని, మా ఇంటి పేరు ముందు చెబుతానని. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"ఆణ్ణి ఆ మట్టిలో ఒదిలేసి మెట్టకి ఎలా పోనే? ఏ మూలున్నాడో కూడా తెలీదు. పొద్దున్నే లేచి కట్టకేసి సూత్తే సాలు నాకు."

"అదే మూల మీదికి ఎల్లుండి పాదం బాబాయి ఎక్కుతాడు అత్తయ్యా."

ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆరేళ్ళలో ఇద్దరం కలిసి ఏడవడం ఇదే మొదలు, అంతకుముందు ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చుకున్నాం. చాలాసేపటికి ఆవిడ మొహం తుడుచుకుని లేచి, అటకమీద చింతపండు కుండ దించమంది.

"ఇత్తడి సెంబుకి పట్టిన సిలుం దేనితో వదులుద్దే? గున్నకీ అదే పోసెయ్యి."

శుద్ధ చతుర్దశి

ఇవాళ ముందువైపు పేజీలో ఇలా రాశాను: "నీళ్ళు ఉప్పు. యంత్రం పనికి తగదు." కింద సంతకం చేశాను. ఆరేళ్ళలో "తగదు" అని రాయడం ఇదే మొదలు.

త్రిమూర్తులు గారు దండోరా వేయిస్తే ఎనిమిదింటికల్లా జనమంతా గున్న చుట్టూ చేరారు. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అత్తయ్య వచ్చింది. నెత్తిమీద మా వాననీళ్ళ బిందె, చంకలో చింతపండు కుండ.

"మా బావి ఉప్పు" అంది. "రెండేళ్ళయింది. అయినా సెంబు మోసుకొచ్చి ఇచ్చాను. ఎవరో గిన్నెలో నీళ్ళు వదలకపోబట్టే మా వాడు పోయాడని ఆరేళ్ళు శాపనార్థాలు పెట్టాను. నేను సేసింది అంతకంటే తక్కువ పనేం కాదు. ఇయ్యి మా తాగే నీళ్ళు. తీసుకోండి."

అందరూ ఆ బిందెకేసి చూశారు. నాకు భయమేసింది, ఇంతటితో ఆగిపోతుందేమో, మా ఒక్క బిందెతో ఏం కడుగుతానని. దుర్గారావు తల దించుకుని గుంపులోంచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి రెండు బిందెలు మోసుకుంటూ తిరిగొచ్చాడు. గొంతు ఈసారి చిన్నగా ఉంది. "మాదీనండి. నిరుటి నుంచి" అన్నాడు.

తర్వాత చిట్టెమ్మ వదిన. తర్వాత ఇంకొకరు. మొత్తం పదకొండు ఇళ్ళు. బావి ఇంకా తియ్యగా ఉన్నవాళ్ళు కూడా తెచ్చారు, వాళ్ళు ఎవరి మొహాలూ చూడకుండా బిందెలు దించి పక్కన నిలబడ్డారు. త్రిమూర్తులు గారు పేర్లు రాసుకోవాలి, అది ఆయన ఉద్యోగం. రాసుకుంటూ కళ్ళజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నారు.

అడుగు మర విప్పితే పాత నీళ్ళు ఎర్రగా, చిక్కగా వచ్చాయి. చింతపండు పులుసు పోసి, ఇంజను కాసేపు తిప్పి, నానబెట్టి, వదిలాం. మళ్ళీ పోశాం, మళ్ళీ వదిలాం. మూడోసారికి రంగు తేటపడింది. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి నింపాను. సాయంత్రం ఇంజను వేడెక్కాక అరచెయ్యి పెట్టి చూశాను. చల్లటి భాగం జానెడునుంచి నాలుగు వేళ్ళకి తగ్గింది. మొత్తం పోలేదు. కొన్ని గొట్టాలు ఇక తెరుచుకోవు.

రేపటికి ఇది చాలుతుందో లేదో నాకు తెలియదు. నిజంగా తెలియదు.

పౌర్ణమి

తెల్లారకముందు గాజుగిన్నె వదిలాను. బెల్టు నొక్కాను. మూత తీసి, నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉన్నాయి. పాదం బాబాయి ఎదురుగా నిలబడ్డాడు.

"చూశాను. కానీ పూర్తిగా బాగవలేదు బాబాయ్. అరగంటకోసారి బరువు దించి, ఇంజను ఆపకుండా, పది నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ముల్లు ఎరుపులోకి వస్తే ఏం చేస్తున్నా సరే, పని ఆపాలి. నేను వెనకే కూర్చుంటాను."

"ఆపమన్నప్పుడు ఆపుతాను. నమ్మాను" అన్నాడు.

లోపలావిడ బయలుదేరవచ్చును అంది.

మొదటి నాలుగు గంటలు బావున్నాయి. నేను ఇంజను వెనక ఇనప పలక మీద కూర్చుని, గోనెపట్టా చుట్టుకున్న చేత్తో రేడియేటర్ తడుముతూ, అద్దంలోంచి ముల్లు చూస్తూ ఉన్నాను. అరగంటకోసారి పలక మీద కొడితే ఆయన గున్న చెయ్యి దించేవాడు. పది నిమిషాలకి ముల్లు వెనక్కి వచ్చేది. ఆ పది నిమిషాల్లో నీళ్ళు కట్ట మీదికి మరో వేలెడు ఎక్కేవి.

పదకొండింటికి నీళ్ళు కట్ట అంచుకి సమానమయ్యాయి. మూల మీదినుంచి సన్నగా లోపలికి కారడం మొదలైంది. అప్పుడే ముల్లు ఎరుపులోకి వెళ్ళింది. చివరిసారి ఆగి పావుగంట కూడా కాలేదు.

"ఆపకండి! ఇంకో పది రాళ్ళు!" అని త్రిమూర్తులు గారు కిందినుంచి అరుస్తున్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. ఇప్పుడు ఆపితే మూల తెగొచ్చు. ఆపకపోతే ఇంజను పట్టేసి, గున్న అక్కడే నిలిచిపోతే, ఇక ఒక్క రాయి కూడా పడదు. రెండూ నాకు కనిపిస్తున్నాయి. పాదం బాబాయి వెనక్కి తిరగలేదు, గున్న చెయ్యి గాల్లోనే నిలిపి "రత్నం?" అన్నాడంతే.

"ఆపు" అన్నాను.

ఆయన రాయి కింద పెట్టేసి చెయ్యి దించాడు. త్రిమూర్తులు గారు తలపట్టుకున్నారు.

ఆ పది నిమిషాల్లో కిందినుంచి జనం ఇసకబస్తాలు అందించుకుంటూ మూల మీదికి వచ్చారు. ఎవరూ పిలవలేదు. దుర్గారావు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బస్తాలు వేస్తున్నాడు. వరసలో అత్తయ్య కనిపించింది, డెబ్భై ఏళ్ళ మనిషి, బస్తా మోయలేక పక్కవాళ్ళ చేతిలోకి తోస్తోంది. వారం తిరక్కుండా లంక వదిలి పోవాల్సిన పదకొండు ఇళ్ళవాళ్ళూ ఆ వరసలో ఉన్నారు. నేను ముల్లునే చూస్తూ కూర్చున్నాను, నా పని అది. ముల్లు కదల్లేదు, కదల్లేదు, తర్వాత వెంట్రుకవాసి దిగింది. తర్వాత పసుపులోకి వచ్చింది.

"ఎత్తు బాబాయ్."

ఆ పది రాళ్ళూ, ఆ తర్వాత ఇంకో నలభై రాళ్ళూ పడ్డాయి. రెండుంపావుకి పోటు వెనక్కి తీసింది. పాదం బాబాయి దిగి, మోకాళ్ళు పట్టుకుని, గున్న చక్రాల పట్టాకి ఆనుకుని కూర్చున్నాడు. నేను పైనే కూర్చుని చేతికి చుట్టుకున్న గోనెపట్టా విప్పాను. అరచెయ్యి బొబ్బలెక్కింది.

బహుళ పంచమి

రేపు పడవ. పదకొండు ఇళ్ళ సామాను రేవులో ఉంది. ఎవరినీ తప్పించలేదు, తప్పించమని మేమూ అడగలేదు. తొలిచూపు పని ఉత్తరపు వీధి సుభద్రకి ఇచ్చారు. మూడు రోజులు పక్కన నిలబెట్టుకుని అన్నీ చూపించాను, గాజుగిన్నె విషయం మాత్రం విసుగొచ్చేదాకా చెప్పాను. ఇవాళ పొద్దున చెంబు తెచ్చినవాళ్ళు, ఇచ్చేముందు తామే ఒక గుక్క తాగి ఇచ్చారు. త్రిమూర్తులు గారు పెట్టిన కొత్త పద్ధతి. ఎవరికీ అవమానంగా లేదు.

ఈ పుస్తకం ముందువైపు పేజీలు చింపి ఆఫీసులో ఇచ్చేశాను. వెనకవైపు పేజీలు తీసుకెళుతున్నాను.

సామాను దించడానికి వెళ్ళినప్పుడు రేవులో నిలబడి అత్తయ్య దక్షిణపు మూల వైపు ఎంతసేపు చూసిందో. నేను తొందరపెట్టలేదు. అక్కడ ఇప్పుడు కొత్త రాళ్ళున్నాయి.

బహుళ అష్టమి, మెట్ట శిబిరం

రేకుల గది, ఒక కిటికీ. కిటికీలోంచి కొండరాళ్ళు కనిపిస్తాయి, నీళ్ళు ఎటూ కనిపించవు. నాకు నాలుగింటికే మెలకువ వస్తోంది, చెయ్యి ఆనించడానికి ఏమీ లేదు. పాదం బాబాయి పడవవాళ్ళతో కబురు పంపాడు: ముల్లు ఆకుపచ్చలోనే ఉందట.

ఇక్కడి కొళాయి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఇవాళ అత్తయ్య మొదటిసారి పొయ్యి వెలిగించి పప్పు వండింది. మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాను. చప్పగా ఉంది. ఆవిడా ఆగిపోయింది. రెండేళ్ళ అలవాటు మరి, ఆవిడ చెయ్యి ఉప్పు వైపు వెళ్ళనే లేదు.

లేచి మూటలోంచి డబ్బా తీసింది. లంకనుంచి మోసుకొచ్చిన ఆ నిండు డబ్బానే. అట్టకట్టిన పైపొరని చెంచాతో పగలగొట్టి, చెంచాడు తీసి, గిన్నె మీద పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎంతెయ్యాలో మర్చిపోయానే" అంది.

చెంచా తీసుకుని కొంచెం వేసి కలిపాను. రుచి చూశాను. ఇంకొంచెం వేశాను. మళ్ళీ చూశాను.

"చూశాను" అన్నాను, నోటికొచ్చిన అలవాటుగా.

అత్తయ్య నా మొహం వైపు చూసింది.

"నమ్మాను" అని, కంచం ముందుకు జరుపుకుంది.